వంకర పన్ను ఫోటో

పై వరస పళ్ళు మొత్తం తీసేయాల్సిందేనని పళ్ళ డాక్టరమ్మ చెప్పినప్పుడు టెలిఫోనమ్మకు మొదట వచ్చిన బాధ పళ్ళ గురించి కాదు. ఇంటికెళ్ళి ఈ కబురు చెబితే మొగుడు ఎంత సంబరపడిపోతాడో అని.

ఆయన రిటైరైన ఎక్స్‌రే మనిషి. ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో, కిటికీ లేని గదిలో, ఊళ్ళోవాళ్ళ ఊపిరితిత్తులన్నీ చూసేసి పింఛను తీసుకుంటున్నాడు. అయినా ఆశ చావలేదు. ఎవరైనా దగ్గితే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది. "పొడి దగ్గా, కఫం పడుతోందా?" అని ఆశగా అడుగుతాడు. "అయ్యో పాపం" అనేది ఆ తర్వాత, అదీ గుర్తొస్తే.

ఆమె అనుకున్నట్టే అయింది.

"పై వరసంతానా?" అన్నాడు కుర్చీలోంచి సగం లేచి. "అయితే లోపల ఎముక అరిగిపోయుంటుంది! ఫిల్ము తీశారా? తియ్యలేదా? తియ్యకుండా ఎలా చెప్పింది ఆవిడ?"

"గురువారం రమ్మంది. తీసి, చూసి, పీకుతుందట."

"నేనూ వస్తా."

"ఎందుకు, పట్టుకోడానికా?"

"చూడ్డానికే. దవడ నేనెప్పుడూ తియ్యలేదు," అన్నాడు, ఊరెళ్ళలేకపోయినవాడు ఆ ఊరి పేరు తలుచుకున్నంత దిగులుగా.

కుర్చీ కింద పడుకున్న పిల్లి ఒక కన్ను తెరిచి, తిండి సంగతి కాదని తేల్చుకుని మూసేసింది. దాన్ని ఇన్‌స్పెక్టరు అంటారు. ఏ గిన్నె మూత తీసినా తనిఖీకి వస్తుంది, ఏదీ బాగుందని చెప్పదు.

టెలిఫోనమ్మ స్నానాలగదిలోకెళ్ళి గడియ వేసుకుంది. అద్దం ముందు నిలబడి నోరు తెరిచింది.

పై వరసలో ఎడమవైపు, ఒక పన్ను పక్కదాని భుజమెక్కి కూర్చుని ఉంటుంది. బస్సులో సీటు దొరకని మనిషి పక్కవాడి ఒళ్ళో కూలబడ్డట్టు. చిన్నప్పుడు తోటి పిల్లలు ఆ పన్నుకి పెట్టని పేరు లేదు. అప్పటినుంచి ఆమెకు నవ్వొస్తే ముందు చెయ్యి లేచేది. దోమ వాలితే లేస్తుందే, అలా, ఆమెనడక్కుండానే లేచేది. పెళ్ళి ఫోటోలో అంటించిన కవరులా నోరు మూసుకుని ఉంది. పిల్లల్ని ఎత్తుకున్న ఫోటోల్లోనూ అంతే. పసివాళ్ళేమో ఒక్క పన్నూ లేకుండానే ఇంతేసి నోళ్ళు తెరిచి నవ్వుతుంటారు, నోటినిండా పళ్ళున్న తల్లి మాత్రం పెదవులు బిగించి పక్కకి చూస్తుంటుంది.

అదృష్టం బాగుండి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఎంత నవ్వినా చూసేవాడు లేడు. ఆమె గొంతు విని ఊళ్ళో సగం మంది మగవాళ్ళు అనవసరమైన ట్రంకాల్సు బుక్ చేశారని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె కాదనదు.

ఇప్పుడు అద్దంలో, చెయ్యి వెనక్కి పెట్టుకుని, బలవంతంగా ఒక నవ్వు నవ్వింది. పన్ను బయటికొచ్చింది. ఇటు తిరిగి చూసింది. అటు తిరిగి చూసింది.

'ఇదేమిటి, బానే ఉందే!' అనుకుంది.

అనుకున్నాక కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు దాచింది దీన్నా? మొహానికంతటికీ కాస్త కొంటెతనం ఉందంటే ఈ పన్నుదే. గురువారానికి ఇది చెత్తబుట్టలో ఉంటుంది. ఇలాంటిదొకటి ఉండేదని చెప్పడానికి ఒక్క ఫోటో కూడా ఉండదు.

గడియ తీసి బయటికొచ్చి, "ఏమండీ, నాకొక ఫోటో తియ్యండి. నవ్వుతున్నది. పళ్ళు కనపడాలి," అంది.

ఆయన తెల్లబోయాడు. ఆయన కెమెరా ముందు ఆమె తనంతట తాను నిలబడటం అదే మొదలు. దానికో కారణముంది.

రిటైరయ్యాక ఆయన మొదట మొక్కలు పెంచాడు. నాటిన మొక్కకి వేరు ఎలా దిగుతోందో చూడాలని రెండ్రోజులకోసారి పీకి చూసేవాడు. కుండీలన్నీ ఖాళీ అయ్యాయి. తర్వాత పాత రేడియోలు బాగుచెయ్యడం మొదలెట్టాడు. విప్పడం బాగా వచ్చింది. బిగించడమే రాలేదు. చివరికి కెమెరా కొన్నాడు. దేన్నీ పీకే పని లేదు, విప్పే పని లేదు, ఇక ప్రాణం హాయిగా ఉంటుందని ఆమె కూడా సంతోషించింది.

కానీ కెమెరా కంటికి ఆనించగానే ఆయన గొంతులో ఎక్స్‌రే గది లేచి కూర్చునేది. "గాలి గట్టిగా పీల్చండి... బిగబట్టండి... కదలకండి!" అనేవాడు. ఆ గొంతు ఎలాంటిదంటే, ఎదుటివాళ్ళు ఎందుకని అడిగేలోపే వాళ్ళ ఛాతీ మాట వినేసేది. దాంతో ఆయన తీసిన ప్రతి ఫోటోలోనూ మనుషులు బుగ్గలుబ్బించి, కళ్ళు మిటకరించి, నీళ్ళలో మునగబోతున్నట్టు ఉంటారు. పాలవాడు, పక్కింటి కోడలు, వీధి చివర కొత్త జంట, అందరిదీ అదే వరస. ఆ కొత్త జంట ఫోటో చూసి అమ్మాయి తల్లి, "ఏం జరిగిందమ్మా, చెప్పు, నేనున్నాను," అని కూతుర్ని గదిలోకి తీసుకెళ్ళిందట.

హాలు గోడ నిండా ఇవే. ఆ ఉబ్బిన మొహాల మధ్య ఒక్క పిల్లి ఫోటోలు మాత్రం రాజసంగా వచ్చాయి. అది ఎవరు చెప్పినా గాలి పీల్చదు.

సోమవారం పొద్దున, బాల్కనీలో వెలుతురు బాగున్నప్పుడు మొదలెట్టారు.

"నవ్వు," అన్నాడు.

ఆమె నవ్వింది. చెయ్యి లేవబోతే రెండో చేత్తో పట్టుకుంది.

"బాగుంది. అలాగే ఉండు. గాలి గట్టిగా పీల్చు..."

పీల్చేసింది. కెమెరా క్లిక్కుమంది. వెనక తెరమీద చూస్తే వానాకాలపు కప్ప ఒకటి పెద్దరికంగా కూర్చుని ఉంది.

"మిమ్మల్ని నోరు మూసుకుని నొక్కమన్నాను కదా!"

"నువ్వెప్పుడన్నావ్?"

"ఇప్పుడంటున్నా."

ఈసారి ఆయన పెదవులు బిగించి కెమెరా ఎత్తాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఉంది. నవ్వీ నవ్వీ దవడ నొప్పెట్టింది. క్లిక్కు వినపడలేదు.

"ఏమైంది?"

"వేలు కదలట్లేదే," అన్నాడు బిక్కమొహం వేసి. "ఆ మాట అంటేగాని నొక్కబుద్ధి కావట్లేదు. ఊపిరి బిగబట్టని మనిషిని తీస్తే మసకొస్తుందని భయం."

"నేను మనిషిని. ఊపిరితిత్తిని కాను."

"తెలుసు. నాకు తెలుసు. వేలికి తెలీదు."

మధ్యాహ్నం క్యారమ్స్ ఆడటానికి మిత్రులిద్దరూ వచ్చారు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు. ఇంట్లోకి వచ్చినా తలుపు దగ్గర నిలబడే మాట్లాడతాడు, కూర్చోమంటే ముందు అందరూ ఎక్కారా లేదా అన్నట్టు చుట్టూ చూస్తాడు. రెండోవాడు దర్జీ. కొట్టు కొడుక్కి అప్పగించాడు కానీ మెళ్ళో టేపు అప్పగించలేదు. మనిషిని పలకరించేముందు నడుము చూస్తాడు.

ఫోటో సంగతి విని కండక్టరు తొడ చరిచాడు. "ఇంతేనా బావా? చెల్లెమ్మని నవ్వించే పూచీ నాది. నువ్వు కెమెరా పట్టుకో. వాడు వెలుతురు పట్టుకుంటాడు. చెల్లెమ్మా, కొంచెం ముందుకు జరుగు. ఇంకొంచెం. లోపల ఖాళీ ఉంది, జరుగు జరుగు."

"గోడకి తగుల్తున్నా అన్నయ్యగారూ."

"అందరూ ఇదే మాట చెబుతారు."

దర్జీ ఆమె భుజాల వంక అసంతృప్తిగా చూశాడు. "వదినా, అలా బిగదీసుకోకు. ఊపిరి వదిలెయ్. మొత్తం వదిలెయ్. అప్పుడే మనిషి అసలు కొలత తెలుస్తుంది."

"వదలమంటావేంట్రా!" ఎక్స్‌రే ఆయన కెమెరా దించేశాడు. "పీల్చాలి."

"నువ్వు పీల్చమన్నవాళ్ళే మర్నాడు నా దగ్గరికొచ్చి చొక్కా వదులైందని పోట్లాడేవాళ్ళు అన్నా. ఊరినంతా పాడుచేసింది నువ్వే."

"నువ్వు వదలమన్నవాళ్ళే నా దగ్గరికొచ్చి బిగుసుకుపోయిన గుండీలు విప్పలేక చచ్చేవాళ్ళు!"

వాళ్ళిద్దరి మధ్య ఆమె ఒకసారి పీల్చి, ఒకసారి వదిలి, తల తిరిగి సోఫాలో కూలబడింది. నవ్వు మాట దేవుడెరుగు, ఆ పూటకి ఊపిరాడితే చాలనిపించింది.

అప్పుడు కండక్టరుకి ఒక ఉపాయం తట్టింది. "చెల్లెమ్మ ఫోన్లో ఎలా నవ్వేది? చెయ్యి అడ్డం పెట్టుకునేదా? లేదు కదా. నేను వంటింట్లోంచి ఫోను చేస్తా. తను ఇక్కడ మాట్లాడుతుంది. ఒక చేతిలో ఫోను ఉంటుంది. ఇంకో చెయ్యికి ఏదైనా పని పెట్టండి."

ఆ చెయ్యికి పిల్లినిచ్చారు. ఇన్‌స్పెక్టరు ఆమె ఒళ్ళో కూర్చుంది. వదిలితే దిగిపోతుంది కాబట్టి ఆ చెయ్యి కదలడానికి లేదు. ఇక మిగిలింది ఎక్స్‌రే ఆయన నోరు. దర్జీ ఆలోచించి, డబ్బాలోంచి పెద్ద బిస్కట్టు తీసి, పసిపిల్లకి మందు పట్టినట్టు ఆయన ముక్కు మూసి నోట్లో కుక్కేశాడు.

"నములుతూ ఉండకు. అలాగే ఉంచుకో. మాటొస్తే అడ్డం పడుద్ది."

ఫోను మోగింది. టెలిఫోనమ్మ ఎత్తి, ఏళ్ళ తర్వాత తన పాత గొంతుతో, "నంబరు చెప్పండి," అంది.

"ఏమ్మా, నేను మా అత్తగారింటికి కాల్ బుక్ చేసి పొద్దుటి నుంచి కూర్చున్నా," అంది వంటింట్లోంచి కండక్టరు గొంతు. "ఇంకా కలపలేదు. దయచేసి కలపొద్దు. అత్తగారికి పెట్టే దండమేదో నీకే పెడతా."

ఆమె పెదవులు వణికాయి.

"ఇంకో మాటమ్మా. మా ఆవిడ అడిగితే లైను దొరకలేదని నువ్వే చెప్పాలి. నేను చెబితే నమ్మదు. నీ గొంతంటే దానికీ గౌరవం, నాకూ గౌరవం, మా అత్తకి మాత్రం అనుమానం."

ఇక ఆగలేదు. టెలిఫోనమ్మ తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, గలగలా నవ్వింది. చెయ్యి లేవలేదు. భుజమెక్కిన పన్ను పట్టపగటి వెలుతుర్లో తళుక్కుమంది. దర్జీ ఊపిరి వదలడం మర్చిపోయి చూస్తున్నాడు.

ఎక్స్‌రే ఆయన కెమెరా కంటికి ఆనించాడు. వేలు బిగిసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళ అలవాటు లోపల్నుంచి తన్నుకొచ్చింది.

"గామ్ పీమ్‌మ్... భిగభ్భఫ్..."

బిస్కట్టు పిండి పొగలా ఎగిరింది. తిండి సంగతి ఇన్‌స్పెక్టరుకి ఒకరు చెప్పాలా? ఒళ్ళోంచి ఒక్క గెంతు గెంతింది. అదే క్షణంలో క్లిక్కుమంది.

నలుగురూ తెర మీదకి వంగారు. ఫోటో స్పష్టంగా వచ్చింది, మసకన్నది లేదు. తల వెనక్కి వాల్చిన టెలిఫోనమ్మ, మెరుస్తున్న కళ్ళు, ముక్కు కింద అడ్డంగా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, నోరంతా కప్పేసిన పిల్లి తోక.

"మీసం బాగా కుదిరింది," అన్నాడు దర్జీ, అనకుండా ఉండాల్సింది.

కండక్టరు పడీపడీ నవ్వాడు. ఎక్స్‌రే ఆయన కూడా నవ్వబోయి పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు. ఫోను పెట్టేసి, చీరమీది పిల్లి వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరుతోంది.

"ఊళ్ళోవాళ్ళందరి లోపలా చూశారు," అంది మెల్లగా. "కట్టుకున్నదాని పన్నొకటి చూడ్డం చేతకాలేదు మీకు."

ఆయన నోట్లో మిగిలిన బిస్కట్టు మింగి, "నువ్వెప్పుడు చూపించావు?" అన్నాడు.

గట్టిగా అనలేదు. ఎత్తిపొడుపూ కాదు. నిజంగా అడిగాడు. క్యారమ్ బోర్డు తెరవకుండానే మిత్రులిద్దరూ చెప్పులు వేసుకున్నారు. మెట్లు దిగేటప్పుడు కండక్టరు అలవాటుగా ముందు దర్జీని దింపి, తర్వాత తాను దిగాడు.

మంగళ, బుధవారాలు ఆయన కెమెరా పట్టుకుని ఆమె వెనకే తిరిగాడు. తలుపు చాటు నుంచి, కిటికీ అవతల నుంచి. ఆమెకు నవ్వు రాలేదు. గట్టిపదార్థం ఏదీ కొరకలేక, జావలాంటి తిండి చెంచాతో తింటూ, నాలుకతో ఆ పన్నుని తడుముకుంటూ తిరిగింది. ఊగుతోంది. ఊగే పన్నుని పిల్లలైతే ఊరంతా తిరిగి చూపిస్తారు. కొత్తది వస్తుందని ధీమా. ఈమెకొచ్చేది డబ్బాలోంచి.

గురువారం బయల్దేరేటప్పుడు ఆమె తేల్చి చెప్పింది. "ఆ కెమెరా తెచ్చారంటే మీరు రావద్దు."

ఆయన మెళ్ళోంచి కెమెరా తీసి సోఫా మీద పెట్టాడు. పిల్లి దానిమీద కూర్చుంది.

పళ్ళాసుపత్రిలో దవడ ఫిల్ము తియ్యడానికి ఒక అమ్మాయి ఉంది. టెలిఫోనమ్మను ఒక యంత్రం ముందు నిలబెట్టి, గడ్డం కింద ఆసరా పెట్టి, ముందు పళ్ళ మధ్య చిన్న పుల్లలాంటిది ఇచ్చింది. "దీన్ని మెల్లగా కొరికి పట్టుకోండి అమ్మా. పెదవులు మూసేయండి. యంత్రం మీ తల చుట్టూ తిరుగుతుంది, భయపడకండి."

యంత్రం గుయ్యిమని బయల్దేరింది. మూసిన తలుపు అవతల నుంచి, ఆసుపత్రంతా వినపడేలా ఒక గొంతు లేచింది. "గాలి గట్టిగా పీల్చు! బిగబట్టు! కదలకు!"

కారిడార్లో కూర్చున్న రోగులందరూ గాలి పీల్చి బిగబట్టారని తర్వాత తెలిసింది.

"అక్కర్లేదండీ," అంది అమ్మాయి తలుపు తీసి, నవ్వాపుకుంటూ. "ఇది దవడ. ఊపిరితో పనిలేదు."

"అస్సలు పనిలేదా?" ఆయన మొహం చిన్నబోయింది.

"అస్సలు లేదు. రండి, మీరూ చూడండి."

తెరమీద ఫిల్ము వచ్చింది. టెలిఫోనమ్మ నోట్లో పుల్ల తీసేసి దవడ రుద్దుకుంటోంది. ఆయన తెరకి దగ్గరగా వెళ్ళాడు. ఇంకా దగ్గరగా వెళ్ళాడు. ఏదో ముంచుకొచ్చే రోగం కనపడిందేమో అని ఆమె దవడ రుద్దుకోవడం ఆపేసింది.

"ఏమిటండీ? చెప్పండి. ఏముంది?"

"ఇటు రా," అన్నాడు గొంతు తగ్గించి. "నవ్వుతున్నావే."

ఆమె చూసింది. నల్లటి తెరమీద, తెల్లగా, ఒక చెవి దగ్గర మొదలై రెండో చెవి దగ్గర ఆగిన పళ్ళ వరస. పెదవులు మూసుకుందా, మూసుకుంది. అవి ఎక్కడా లేవు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నా ఆ పళ్ళు దాగేవి కావేమో. సిగ్గూ శరం లేకుండా, పుట్టినప్పటినుంచి ఇదే పని అన్నట్టు, దవడంతా సాగదీసుకుని ఇకిలిస్తోంది. ఎడమ పక్కన ఆ పన్ను, పక్కదాని భుజమ్మీద కూర్చుని, మిగతావాళ్ళందరికంటే ఎక్కువగా సంతోషిస్తోంది.

"అమ్మో, నేనేనా ఇది! ఎవరిమీద పడి నవ్వుతోంది ఇలా!" అంది. అనేసరికి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. యంత్రం పట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయి భుజం పట్టుకుని నవ్వింది. చేతులు రెండూ ఎక్కడున్నాయో ఆమెకే తెలీదు.

ఎక్స్‌రే ఆయన చెయ్యి ఛాతీ మీదకి పోయి, రోజూ వేలాడే చోట తడుముకుంది. బొత్తాములు తప్ప ఏమీ తగల్లేదు.

"కెమెరా..." అన్నాడు.

"దానిమీద పిల్లి కూర్చుందిగా!" అని ఆమె ఇంకా నవ్వింది.

ఇక ఆయన చెయ్యడానికేమీ లేక చూస్తూ నిలబడ్డాడు. పన్నుని చూశాడు. దాని పక్కన చిగురుని, బుగ్గలో పడిన గుంటని చూశాడు. ఇంతకాలం ఆ చెయ్యి వెనక ఇంత జనం ఉన్నారా అన్నట్టు చూశాడు.

"సార్," అంది అమ్మాయి కంగారుగా. "సార్, ఊపిరి తీసుకోండి!"

సాయంత్రం మిత్రులిద్దరూ పరామర్శకి వచ్చారు. టెలిఫోనమ్మ సోఫాలో దిండు ఆనుకుని కూర్చుని ఉంది. నోట్లో దూది. రెండు బుగ్గలూ బూరెల్లా... కాదు, బూరెలు నయం, బూరల్లా ఉబ్బి ఉన్నాయి. కళ్ళు వాటికి జాగా ఇచ్చి వెనక్కి తగ్గాయి. ఒళ్ళో ఇన్‌స్పెక్టరు, ఈ కొత్త మొహాన్ని తనిఖీ చేస్తోంది.

కండక్టరు ఆమెను చూశాడు, గోడమీది ఫోటోల్ని చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. "బావా, ఇవాళ నువ్వు నోరు తెరవనక్కర్లేదు. అంతా సిద్ధంగానే ఉంది."

ఆమె దిండు తీసి విసిరింది. దర్జీకి తగిలింది.

"ఇలా రండ్రా, అసలు ఫోటో చూపిస్తా," అని ఎక్స్‌రే ఆయన వాళ్ళని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అద్దానికి ఫిల్ము అంటించి ఉంది. దిగే ఎండ దాని వెనక నుంచి పడి పళ్ళ వరసంతా తెల్లగా మండుతోంది. "దవడలో ఇంత ఉందని నాకెవరూ చెప్పలేదు. ఊపిరి ఊసే లేదు చూడు. జీవితమంతా తప్పు గదిలో కూర్చున్నాను."

దర్జీ ఆ పన్ను దగ్గర వేలు పెట్టాడు. "ఈ ఒక్కటే కుట్టు తప్పింది వదినా. పోన్లే, కొత్త సెట్టులో తిన్నగా కుట్టించుకోవచ్చు."

సోఫాలోంచి ఒక మూలుగు వచ్చింది. టెలిఫోనమ్మ గబగబా చెయ్యి ఊపుతోంది. ఫిల్ములోని వంకర పన్నుని చూపించింది. తన నోటిని చూపించింది. మళ్ళీ పన్నుని చూపించి, ఒక వేలు మీద ఇంకో వేలు ఎక్కించింది.

"నొప్పా? మాత్ర కావాలా?" అన్నాడు కండక్టరు.

"కాదురా," అన్నాడు ఎక్స్‌రే ఆయన. ఆమె వేళ్ళ వంకే చూస్తున్నాడు. "కొత్త పళ్ళలో కూడా అది అలాగే ఉండాలంటోంది. అంతేనా?"

ఆమె బుగ్గలు ఊగేలా తల ఊపింది.

"చేసేవాడు ఒప్పుకోడు అన్నా," అన్నాడు దర్జీ నిజమైన బాధతో. "పనివాడన్నాక పరువుంటుంది. తెలిసి తెలిసి ఎవడైనా వంకరగా కుడతాడా?"

"ఈ ఫిల్ము తీసుకెళ్తా. ముందు పెట్టి కూర్చుంటా. పన్ను ఎక్కేదాకా లేవను."

ఆమె దూదిలోంచి ఏదో అంది. ఎవరికీ అర్థం కాలేదు, పిల్లి మాత్రం చెవులు రిక్కించింది. తర్వాత ఆమె సోఫా మీది కెమెరాని చూపించింది. దాని నిండా తెల్లటి వెంట్రుకలు.

ఆయన దులిపి కంటికి ఆనించాడు. ఏమీ అనలేదు. అనకుండా నొక్కాలని చూశాడు. వేలు మొరాయించింది. గదిలో అందరూ ఆయన నోటివంకే చూస్తున్నారు.

టెలిఫోనమ్మ కాసేపు ఓపిక పట్టింది. తర్వాత నిటారుగా కూర్చుని, ఒళ్ళోని పిల్లిని సర్దుకుని, ఉబ్బిన బుగ్గలతో, తనంతట తానే గాలి గట్టిగా పీల్చి, బిగబట్టి, కదలకుండా ఆయన వంక చూసింది.

క్లిక్కుమంది.